బొమ్మలను చదువుట: అక్షరము, దిశ, రంగు

హైదరాబాదు నగరపు తూర్పు భాగమున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌ల చెంత గడ్డిఅన్నారం అను పేట కలదు. ఒకప్పుడిది వేరు గ్రామము. తరువాత పురపాలక సంఘమై, 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. ఈ చిన్న పేరును ఒక రేకు ఫలకముపై మూడు లిపులలో వ్రాయవలసిన చిత్రకారుని కష్టమెట్టిదో యోచించినచో, దృశ్య సమాచార శాస్త్రములోని పెద్ద ప్రశ్న యొకటి మన యెదుట నిలుచును.

ఇంగ్లీషులో ఆ పేరునకు పన్నెండక్షరములు కావలయును. పెద్దబడి అక్షరములలో వ్రాసినచో ఆ పన్నెండును ఒకే యెత్తున, రెండు గీతల నడుమ కొలిచి నిలిపినట్లు నిలుచును. తెలుగులో గ, డ్డి, అ, న్నా, రం అని ఐదే అక్షరములు. ఇది లాభమే కదా అనిపించును. కాని డ్డి అక్షరమునకు నెత్తిన గుడి, కాళ్ల క్రింద డావత్తు. ఆ వెనుకనే న్నా క్రింద మరియొక వత్తు. అనగా తెలుగు పేరు మూడంతస్తుల మేడ, ఇంగ్లీషు పేరు పొడవాటి పెంకుటిల్లు. రెంటికిని ఫలకముపై సమానమైన యెత్తు కేటాయించినచో, తెలుగు చిత్రకారుడు గుడికిని వత్తునకును చోటు విడువగా నడుమనున్న అసలు అక్షరము సగమునకు సమీపముగా దిగిపోవును. కొలబద్దతో చూచిన ఇద్దరికిని సమాన న్యాయము జరిగినట్లే. కదలుచున్న బస్సులోనుండి చూచిన ఇంగ్లీషు మాత్రమే కనబడును. ఉర్దూ సంగతి మరియొకటి. నస్తాలిక్ శైలిలో వ్రాసిన పదము కుడివైపున ఎత్తుగా మొదలై ఎడమవైపునకు జారుచు పోవును. దానికి నిలువునను అడ్డమునను గీచిన గళ్లు సరిపడవు. 2017లో జరిగిన చట్టసవరణతో తెలంగాణ రాష్ట్రమంతట ఉర్దూ రెండవ అధికార భాష యైనది గనుక, ఈ చిక్కు ఒక్క గడ్డిఅన్నారమునదే కాదు.

లిపుల ఆకారములు ఊరక పుట్టినవి కావు. రోమను పెద్దక్షరములు రాతిపై ఉలితో చెక్కగా కుదిరినవి. అందువలననే వానిలో నిట్టనిలువు గీతలును పదునైన మూలలును ఎక్కువ. తెలుగు అక్షరములు శతాబ్దముల తరబడి తాటాకుపై ఇనుప గంటముతో వ్రాయబడినవి. ఆకు ఈనె వెంట అడ్డగీత బలముగా గీచిన ఆకు చీలును గాన, వ్రాయసగాండ్రు గుండ్రదనమునకు అలవాటుపడిరని పండితుల అభిప్రాయము. ఆ గుండ్రదనమునకు చిత్రకారుని కుంచె విసురును చేర్చి, తెలుగు కంటికి క్రొత్త రుచి చూపినవారు బాపు (1933–2014). పుస్తకముల అట్టలపైనను, సినిమా ప్రకటనలపైనను ఆయన వ్రాసిన వ్రాత తరువాతి కాలమున కంప్యూటరు అక్షరముల రూపమున కూడ వచ్చి, పెండ్లి పత్రికలకును దుకాణపు బోర్డులకును ప్రాకినది. ఇంగ్లీషు అక్షరముల కొలతలకు తెలుగును కుదించుటకంటె ఇది మేలైన మార్గమని చెప్పక తప్పదు.

కాలము ఏ వైపునకు నడచును?

అక్షరములు నడచు దిశ కంటిని మాత్రమే కాక ఊహను సైతము శాసించును. బార్బరా ట్వెర్‌స్కీ, ఆమె తోటి పరిశోధకులును 1991లో ప్రకటించిన పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణము. వారు ఇంగ్లీషు, హీబ్రూ, అరబ్బీ భాషలు మాటలాడు పిల్లలను పెద్దలను కలిపి వేయిమందికి పైగా పరీక్షించిరి. కాగితము నడుమ ఒక బిళ్ల అంటించి, "ఇది మధ్యాహ్న భోజనము, ఉదయపు ఫలాహారమునకు ఒక బిళ్ల, రాత్రి భోజనమునకు ఒక బిళ్ల నీకు తోచిన చోట అంటింపుము" అన్నట్టి పనులు ఇచ్చిరి. ఎడమనుండి కుడికి చదువు ఇంగ్లీషు పిల్లలు ఉదయమును ఎడమ ప్రక్కను, రాత్రిని కుడి ప్రక్కను పెట్టుటకు మొగ్గుచూపగా, కుడినుండి ఎడమకు చదువు అరబ్బీ పిల్లలు పెక్కుమంది తిరుగవేసి పెట్టిరి. హీబ్రూ పిల్లలు ఈ రెంటికిని నడుమ నుండిరి. ఆ భాషలో అక్షరములు కుడినుండి నడచినను అంకెలు ఎడమనుండియే వ్రాయబడుట దీనికొక కారణముగా చెప్పబడినది. ఎక్కువ తక్కువలను చూపుటలో మాత్రము మరియొక విశేషము కనబడినది. "ఎక్కువ" అనుదానిని పైకి పెట్టుట అందరికిని సహజముగనే తోచినది. క్రిందికి పెట్టుట అరుదు. కుప్ప పోసిన ధాన్యము ఏ దేశమునందైనను పైకే పెరుగును కదా!

దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వంటి చోట్ల తెలుగు మాధ్యమపు పాఠశాలయు, ఉర్దూ మాధ్యమపు పాఠశాలయు దగ్గరదగ్గరగా నుండును. మూడు బిళ్లలును, ఒక తెల్లకాగితమును చాలు. ఉపాధ్యాయులు ఈ పరీక్షను తమ తరగతిలోనే చేసి చూడవచ్చును. పరీక్షకు ముందు పిల్లలకు కారణము చెప్పరాదు. ఉర్దూయు ఇంగ్లీషును రెండును చదువు విద్యార్థి ఏమి చేయునో చూచుట మరింత ఆసక్తికరము. ఇది వినోదము మాత్రమే కాదు. విజ్ఞానశాస్త్ర పుస్తకములలో గ్రుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అని నాలుగు బొమ్మలు వరుసగా వేసినప్పుడు, బాణపు గుర్తు లేకున్నచో ఆ వరుస ఎటు నడచునో బొమ్మ తనంత తాను చెప్పదు.

అసలు ప్రక్కప్రక్కనున్న బొమ్మలు ఒక కథకు వరుస మెట్లని గ్రహించుటయే నేర్చుకొనవలసిన విద్య. 1970లలో నేపాలు గ్రామములలో యునిసెఫ్ సంస్థ పక్షమున జరిగిన పరిశీలనలో, చదువురాని వయోజనులు బొమ్మల వరుసను ఎడమనుండి కుడికి చూడవలెనని గాని, అవి ఒకే మనిషి జీవితములోని వేర్వేరు క్షణములని గాని తలంపలేదు. నాలుగు బొమ్మలలో నలుగురు మనుష్యులను చూచిరి. వారి తెలివికి లోపమేమియు లేదు. చేర్యాల నకాశీ చిత్రకారులు ఈ సంగతి ముందే ఎరిగినట్లు తోచును. ఎర్రని నేలపై అంతస్తులంతస్తులుగా కథను చిత్రించిన ఆ పొడుగాటి గుడ్డచుట్టకు కథకుడు తోడుగా నుండును. అతడు ఏ గడిని చూపిన ఆ గడియే కథ. చుట్ట విప్పుకొలది కాలము ముందుకు సాగును. దిశ బొమ్మలో లేదు, చూపు చేతిలోనున్నది.

ఖాళీ సింహాసనము, దూరపు ఏనుగు

తెలుగుదేశపు శిల్పములలోనే ఇంతకంటె పాత సాక్ష్యము కలదు. అమరావతి స్తూపపు తొలినాటి ఫలకములపై బుద్ధుని రూపము కనబడదు. ఖాళీ సింహాసనము, దాని ముందు పాదముల జంట, వెనుక బోధివృక్షము, చుట్టును చేతులు జోడించిన జనము. ఆనాటి భక్తునికి అక్కడ బుద్ధుడు కూర్చుండియే యున్నాడు. ఆ సంప్రదాయ మెరుగని యాత్రికునికి అది ఎవరో లేచిపోయిన కుర్చీ! రాయి ఒక్కటే, చెక్కడ మొక్కటే. చూచువాని మనస్సులో ముందుగా నున్నదేదో దానిని బట్టి అర్థము మారుచున్నది.

ఆధునికులు దీనిని ప్రయోగములతో పరీక్షించిరి. 1960లో విలియం హడ్సన్ దక్షిణాఫ్రికాలో కొందరు కార్మికులకును పిల్లలకును ఒక రేఖాచిత్రము చూపెను. దగ్గరలో ఈటె పట్టిన వేటగాడు, ఒక జింక. దూరమున గుట్టపై చిన్నదిగా గీచిన ఏనుగు. ఈటె ఎవరి మీదికి అని అడుగగా, "ఏనుగు మీదికి" అన్నవారు పెక్కుమంది. చిన్నదిగా గీచినది దూరమున నున్నదని భావించుట యూరపు చిత్రకళ నేర్పిన ఒప్పందము. కాగితముపై మాత్రము ఏనుగు ఈటె మొనకు దగ్గరగానే యున్నది. ఈ ప్రయోగమును చూపి కొందరు తొందరపడి "వారికి బొమ్మలు తెలియవు" అనిరి. అది పొరపాటని తరువాత తేలినది. 1972లో ఇథియోపియాలోని మెఎన్ ప్రజలకు కాగితపు బొమ్మ లిచ్చినప్పుడు కొందరు దానిని నలిపి, వాసన చూచిరి. కాగితమే వారికి క్రొత్త వస్తువు. అవే జంతువుల బొమ్మలను ముతక గుడ్డపై పెద్దవిగా అచ్చువేసి చూపగా చాలమంది గుర్తుపట్టిరి. లోపము చూచువానిదా, చూపినవానిదా అను ప్రశ్న ఇట్టి చోట్ల ముందుగా అడుగవలసినది.

దిల్‌సుఖ్‌నగర్ కూడలి నుండి చైతన్యపురి వరకు నడచినవారికి మరియొక భేదము కనబడును. శిక్షణ సంస్థల ప్రకటన ఫలకములపై పిల్లల ముఖములు వరుసలు వరుసలుగా, ప్రతి ముఖము క్రింద ఒక ర్యాంకుతో, అంగుళమైనను విడువక నింపబడి యుండును. యూరపు పద్ధతిలో శిక్షణ పొందిన రూపశిల్పికి ఇది గందరగోళము. అతని దృష్టిలో చుట్టునున్న ఖాళీయే వస్తువునకు గౌరవము. తెలుగువారికి ఆ ఖాళీకి మాట ఒకటి సిద్ధముగా నున్నది: బోసి. బోసిమెడ, బోసినోరు, బోసిగోడ. ఏ ఒక్కటియు సంపదను చెప్పదు. నిండుదనమే శుభమని ఎంచు కంటికి ఖాళీ ఫలకము "వీరికి చెప్పుకొనుటకు ర్యాంకులు లేవు" అని చెప్పును. అయినను మెట్రో రైలు స్టేషనులోనికి అడుగు పెట్టగనే అదే కన్ను ఖాళీని కోరును. పరుగెత్తు ప్రయాణికునికి ఒక బాణము, ఒక పేరు చాలును. అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆ మార్గమునకు ఎరుపు రంగు పేరు పెట్టినను ఎవ్వరును దానిని అపాయమని తలంచుట లేదు. రంగు తనంత తానుగా ఏమియు చెప్పదు. దాని ప్రక్కనున్న వస్తువులు దానిచేత చెప్పించును.

కారు, రోడ్డు రోలరు

చదువురాని కోట్లమందికి బొమ్మతో మాటలాడవలసిన అవసరము భారతదేశమునకు 1951–52 నాటి తొలి సాధారణ ఎన్నికలలో కలిగినది. 1951 జనాభా లెక్కల ప్రకారము అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. అందుచే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టెపై గుర్తు. కాడి మోయు ఎద్దుల జత, కంకి కొడవలి, దీపము మొదలగు గుర్తులన్నియు పల్లెటూరి కంటికి పరిచితములే. గుర్తు గోడపై సున్నముతోనో జాజుతోనో ఎవరైనను గీయగలిగినంత సులభముగా నుండవలెను. 1960ల చివర కుటుంబ నియంత్రణకు ఎన్నుకొన్న తలక్రిందుల ఎర్ర త్రికోణమునకు సైతము ఈ గుణమే బలమైనది.

పరిచితమైన వస్తువైనంత మాత్రమున చాలునా? 2022 నవంబరులో జరిగిన మునుగోడు ఉపఎన్నికకు ముందు, కారు గుర్తు గల తెలంగాణ రాష్ట్ర సమితి, రోడ్డు రోలరు మొదలైన కొన్ని గుర్తులు తమ గుర్తును పోలియున్నవనియు, చూపు మందగించిన వృద్ధులు పొరబడుదురనియు ఫిర్యాదు చేసినది. ఒక అభ్యర్థికి వచ్చిన రోడ్డు రోలరును రిటర్నింగు అధికారి మార్చగా, ఎన్నికల సంఘము తిరిగి దానినే ఇప్పించినది. రాజకీయ వివాదమటుంచి కంటి శాస్త్రమును చూతము. రోడ్డుపై కారును రోలరును ఎవ్వరును కలగలపరు. పరిమాణము, రంగు, చప్పుడు, వేగము అన్నియు వేరు. ఓటు యంత్రముపై ఆ నాలుగును పోయి, రెండును ఒకే కొలత నల్లగీతలై, ప్రక్కనుండి చూచిన రెండు చక్రములు, పైన ఒక పెట్టె మాత్రమే మిగులును. పెట్టెలోని అద్దములు, చక్రముల పరిమాణ భేదము మొదలగు చిన్న వివరములను పట్టుకొనుటకు వృద్ధుని కన్నే మొదట అసమర్థమగును. 2015 నుండి యంత్రములపై అభ్యర్థుల ఛాయాచిత్రములు కూడ చేర్చుట ఇట్టి పొరపాట్లను కొంత తగ్గించును.

పచ్చ గుర్తు ఏది?

ఇక రంగుల విషయము. పాశ్చాత్య వధువునకు తెలుపు. తెలుగింట పాతకాలపు ఆచారములో అది వైధవ్య చిహ్నము. పెండ్లి పత్రిక నాలుగు మూలల పసుపు పూయుదురు. దినకర్మల పత్రికకు పూయరు. ఇట్టి భేదములు పొరబడిన కలుగునది నొచ్చుకొనుట మాత్రమే. పొరపాటు ప్రాణము మీదికి వచ్చు చోటు వేరే కలదు.

పురుగుమందు డబ్బాలపై వజ్రాకారముగా నిలిపిన చతురస్రమును రైతు కుటుంబముల పిల్లలందరు చూచియే యుందురు. 1971 నాటి కీటకనాశనుల నియమముల ప్రకారము ఆ చతురస్రము రెండు త్రికోణములుగా విభజింపబడును. పై దానిలో హెచ్చరిక మాట, క్రింది దానిలో రంగు. అది చీటీ ముఖభాగములో కనీసము పదునారవ వంతు నుండవలెను. పరీక్షించిన జంతువులలో సగము చనిపోవుటకు నోటి ద్వారా ఎంత మోతాదు చాలునో దానిని బట్టి రంగులు నిర్ణయించిరి. శరీరపు బరువులో ఒక్కొక్క కిలోగ్రామునకు 1 నుండి 50 మిల్లీగ్రాములు చాలినచో ఎరుపు. 51 నుండి 500 అయినచో పసుపు. 501 నుండి 5,000 వరకు నీలము. 5,000కు మించినచో ఆకుపచ్చ. పుర్రె, ఎముకల గుర్తు ఎరుపు చీటీకి మాత్రమే. పసుపు చీటీపై విషము అను మాట ఉండును గాని పుర్రె యుండదు.

ఇప్పుడు ఒక తండ్రి పొలమునుండి కేక వేసి, "పచ్చగుర్తు మందు తెమ్ము" అని కొడుకుతో చెప్పినాడనుకొందము. ఏ డబ్బా తేవలెను? తెలుగులో పచ్చ అను మాట రెండు రంగులకును చెల్లును. పచ్చల హారము ఆకుపచ్చ, పచ్చకామెర్లు పసుపుపచ్చ. పచ్చని పైరు ఒకటి, పచ్చని మేనిఛాయ మరియొకటి. సందర్భము తెలిసినచో తెలుగువాడు ఎన్నడును తడబడడు. డబ్బాల వరుసలో సందర్భ మెక్కడిది? పసుపుచీటీ మందు ఆకుపచ్చ చీటీ మందుకంటె కనీసము పదిరెట్లు విషపూరితము. అచ్చులో పడిన నియమమునకు నాలుగు రంగులు. పొలము గట్టున మాటలాడు నోటికి మూడే. ఇట్టి భాషలు లోకమున పెక్కు కలవు. జపానువారు ముందుకు పొమ్మను దీపమును నీలమను అర్థముగల "ఆఓ" అను మాటతో పిలుతురు. అక్కడ దానివలన ప్రమాదము లేదు. వీధి దీపము ఏ స్థానమున వెలుగునో అందరికి తెలియును.

రంగుల భావము ఇంకను చిక్కు తెచ్చును. పసుపు తెలుగింట గడపకు పూయునది, గాయమునకు అద్దునది. ఆకుపచ్చ పైరు రంగు. పైగా ఆహార పొట్లములపై చతురస్రములోని ఆకుపచ్చ చుక్క శాకాహారమునకు గుర్తు. అదే రంగు విషపు డబ్బాపై నున్నప్పుడు "కొంచెము విషము" అని కాక "మంచిది" అని చదువు కన్నును తప్పుపట్టలేము. దానికి తోడు ఆ ద్రవమునకు భాష పెట్టిన పేరే మందు! మాంసాహారపు గోధుమరంగు చుక్క విషయములో ఆహార భద్రతా సంస్థ ఒక మంచిపని చేసినది. ఎరుపు ఆకుపచ్చల ఛాయలను వేరుచేసి చూడలేని రంగుగ్రుడ్డి వారి కొరకు, 2020 నాటి నియమములలో ఆ చుక్కను త్రికోణముగా మార్చినది. రంగు తప్పినను ఆకారము పట్టిచ్చును. పురుగుమందు చీటీలో నాలుగింటికిని ఆకారము మాత్రము ఒక్కటే.

చీటీ డబ్బాను అంటియున్నంత కాలమే పనిచేయును. 2013 జూలైలో బీహారులోని ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. నూనెకు తన చీటీ లేదు.

పుర్రె గుర్తునైనను ప్రజలు పుట్టుకతో ఎరుగరు. తెలుగుదేశమున పుర్రెల మాల శివునకు అలంకారము. ఆ పుర్రె అపాయమని పల్లెలకు నేర్పినవి ప్రధానముగా విద్యుత్తు స్తంభములకును ట్రాన్స్‌ఫార్మరులకును వ్రేలాడు ఎర్ర రేకులు. అణుధార్మికతకు 1946లో కాలిఫోర్నియాలోని బర్కిలీ ప్రయోగశాలలో రూపొందించిన మూడు రెక్కల గుర్తునకు ఆ అదృష్టము కూడ పట్టలేదు. విజ్ఞానశాస్త్రము చదువనివారికి అది ఫంకా బొమ్మ. 1987లో బ్రెజిల్ దేశపు గోయానియా నగరమున విడిచిపెట్టిన చికిత్సాయంత్రమును ఇనుపసామాను కొరకు విప్పగా, అందలి సీసియమ్ 137 వలన నలుగురు మరణించిరి. 2000లో థాయిలాండునందు ఇట్టిదే జరిగి ముగ్గురు మరణించిరి.

అప్పుడు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంతర్జాతీయ ప్రమాణముల సంస్థతో కలిసి క్రొత్త గుర్తును వెదకినది. రూపశిల్పుల గదిలో ముగింపక, భారతదేశముతో సహా పదకొండు దేశములలో 1,650 మందికి చూపి పరీక్షించిరి. 2007 ఫిబ్రవరిలో వెలువడిన ఆ గుర్తులో ఎర్రని త్రికోణముపై మూడు రెక్కల నుండి క్రిందికి దిగు కిరణములు, ఒక పుర్రె, బాణము వెంట పరుగెత్తు మనిషి కలరు. మూడింటిలో ఏ ఒక్కటి తెలియకున్నను మిగిలినవి చెప్పును. దీనిని యంత్రపు బయటి గోడకు అంటింపరు. రోజూ వాడువారిని బెదరింపక, ఎవరైనను మూత విప్పి లోపలి మూలపదార్థమును చేరబోవునప్పుడు మాత్రమే కనబడునట్లు లోపల అమర్తురు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాతసామానుల బజారులో విప్పిన యంత్రము అంతకు ఎన్నో ఏండ్లకు పూర్వము కొన్నది. దానిలోని కోబాల్టు 60ను ఇనుపముక్కలనుకొని పంచుకొన్నవారిలో ఒకడు మరణించెను, పలువురు జబ్బుపడిరి.